సాక్ష్యం నాది, సంతకం ఆమెది

పదవీ విరమణ చేసినవాడి దగ్గరికి కొత్త ఉద్యోగులు సలహాల కోసం వస్తారని సర్వీసులో ఉన్నంతకాలం అనుకున్నాను. రారు. వచ్చినా పెన్షన్ కాగితాలు ఏ గదిలో ఇవ్వాలో అడిగి వెళ్ళిపోతారు. అందుకే పోయిన నెల మా పశుసంవర్ధక శాఖలో కొత్తగా చేరిన ఒకతను ఇంటికి వచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి, "సార్, ముగ్గురు దోస్తులం కలిసి కుక్కల హాస్టల్ పెట్టినం. మస్తు నడుస్తున్నది. నాకే మనసొప్పుతలేదు. ఎట్ల బయటపడాలె?" అని అడిగినప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది. గంటసేపు చెప్పాను. అతను మధ్యలో నాలుగుసార్లు ఫోను చూసుకున్నాడు. అతనికి అందనిది మీలో ఎవరికైనా అందుతుందేమోనని రాస్తున్నాను.

నేను పశువైద్య సహాయకుణ్ణి. మొయినాబాద్ చుట్టుపక్కల ఒక చిన్న పశువుల దవాఖానలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఇల్లు చేవెళ్లలో. డాక్టరు వేరే ఉండేవాడు. అయినా రైతులు నన్నే డాక్టర్ సాబ్ అనేవారు, నేను కాదనేవాణ్ణి కాదు. ఆదివారాలు మాత్రం నేను సంఘ పెద్దను. మా తాత బాప్తిస్మం తీసుకున్న మందిరంలోనే నేనూ తీసుకున్నాను. అక్షరాలు రాకముందే వాక్యాలు కంఠతా వచ్చాయి. ఇది గొప్పకు చెప్పడం లేదు. ఇప్పుడు చెప్పబోయే తప్పుల్లో వాక్యం తెలియక చేసినది ఒక్కటీ లేదని ముందే ఒప్పుకుంటున్నాను.

మా టెంట్ హౌస్ మందిరం కోసమే పుట్టింది. సంఘంలో పెళ్ళి జరిగినా, ఎవరైనా ప్రభువునందు నిద్రించినా, కుర్చీల కోసం పక్క ఊళ్ళకు పోవాల్సి వచ్చేది. ఒకసారి సమాధి కార్యక్రమానికి కుర్చీలు రాకముందే శవపేటిక వచ్చింది. మనమే ఒక టెంట్ హౌస్ పెడదామని ఆ రోజు ముగ్గురం అనుకున్నాం. ఒకరు మా సంఘ కోశాధికారి, వయసులో నాకంటే చిన్న, మాటలో నాకంటే పెద్ద. రెండో ఆయన మా సంఘం వాడు కాదు. వీధి చివర మైకు సెట్ల దుకాణం నడిపే హిందువు. చిన్నప్పుడు ఇద్దరం ఒకే బడిలో చదువుకున్నాం. ప్రతి ఆదివారం మందిరం మైకు బిగించి, ఆరాధన అయ్యేదాకా బయట అరుగు మీద ఆంప్లిఫయర్ పక్కన కూర్చునేవాడు. మా పాస్టరుగారి ప్రసంగాలు మా అందరికంటే ఎక్కువ విన్నది ఆయనే అనుకుంటాను. మేమంతా లోపల ఫ్యాన్ కింద నిద్రపోయేవాళ్ళం. ఆయన మీటర్లు చూడాలి కాబట్టి మెలకువగా ఉండేవాడు.

ప్రభుత్వ ఉద్యోగి సొంతంగా వ్యాపారం చేయకూడదు. ఆ సంగతి మీకు తెలుసు, నాకూ తెలుసు. కాబట్టి భాగస్వామ్య పత్రంలో నా భార్య పేరు రాయించాను. ముందు ప్రార్థన చేశాను. మనసుకు శాంతి కలిగింది. నాకు అనుకూలంగా ఉండే విషయాల్లో నాకు శాంతి చాలా త్వరగా కలుగుతుందని అప్పటికి గమనించలేదు.

మొదట్లో కుర్చీలు మా వాకిట్లో ఒక మూలన ఉండేవి. తర్వాత మొయినాబాద్ రోడ్డుకు అటూ ఇటూ ఫామ్‌హౌస్‌లు లేచాయి. ఫామ్‌హౌస్ కట్టినవాడు ఊరికే ఉండడు కదా, రెండు ఆవులో, ఒక గుర్రమో, నాలుగు కుక్కలో తెస్తాడు. అవి జబ్బు పడతాయి. అప్పుడు నేను వెళ్తాను. ఆవు పొదుగు చూస్తూ ఉంటే వెనక నుంచి ఆ యజమాని, "డాక్టర్ గారూ, శనివారం చిన్న ఫంక్షన్ ఉంది, మూడువందల కుర్చీలు ఎక్కడ దొరుకుతాయి?" అని అడుగుతాడు. నేను వినయంగా, "మా ఆవిడ వాళ్ళది ఒక టెంట్ హౌస్ ఉన్నది సార్" అనేవాణ్ణి. అలా మా వ్యాపారం నా చేతి సంచిలో మందుల సీసాల పక్కనే పెరిగింది. కొన్నాళ్ళకు గోడౌన్ వచ్చింది, సామాను మోయడానికి డీసీఎం వ్యాను వచ్చింది, తెల్లటి శాటిన్ కుర్చీ కవర్లు వచ్చాయి. శుభ ముహూర్తాల రోజుల్లో ఫోను కింద పెట్టడానికి వీలుండేది కాదు.

ఫామ్‌హౌస్‌లలో శనివారం జరిగేవి ఎట్లాంటి ఫంక్షన్లో నేను అడిగేవాణ్ణి కాదు. ఆదివారం పొద్దున కుర్చీలు తీసుకురావడానికి వెళ్తే గడ్డి మీద దొర్లే సీసాలు చెప్పేవి. నేను వాటి వైపు చూడకుండా కుర్చీలు లెక్కపెట్టేవాణ్ణి. పక్కకు చూడకుండా నడవడం కూడా ఒక రకం భక్తేనని అనుకునేవాణ్ణి.

ఒక ఏడాది కోతల పండుగ వచ్చింది. మా మందిరంలో అది పెద్ద పండుగ. ఆ రోజు ఎవరి పొలంలో పండింది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. టమాటలు, క్యారెట్లు, మక్కజొన్న కంకులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఆ ఆదివారమే ప్రభురాత్రి భోజన సంస్కారం కూడా, అంటే అందరూ బల్ల దగ్గరికి వచ్చి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుంటారు. ఆడవాళ్ళంతా తెల్లచీరలు కట్టుకొస్తారు. కుర్చీలకు తెల్ల కవర్లు వేయిద్దామని నేనే అన్నాను. అంతకు ముందు రోజు అవే కుర్చీలు, అవే కవర్లు ఒక ఫామ్‌హౌస్‌లో ఉన్నాయి. పొద్దున నేనే వెళ్ళి డీసీఎంలో వేయించి, ఆరాధనకు ఆలస్యమవుతున్నదని నేరుగా మందిరానికి తెచ్చాను.

సంస్కారం తీసుకోవడానికి మూడో వరుసలోంచి ఒక అవ్వ లేచింది. మా సంఘంలో అందరికంటే పెద్దది. వెనక నుంచి చూస్తే ఆమె తెల్లచీర మీద అరచేతి వెడల్పున ఎర్రటి మరక. వెనక వరుసలో ఆడవాళ్ళు కంగారుపడి కొంగు అడ్డం పెట్టారు. అవ్వ వెనక్కి తిరిగి కుర్చీ చూసింది. కవర్ మీద వైన్ ఆరకుండా ఇంకా తడిగానే ఉంది, వాసన కూడా వస్తోంది. అవ్వ వంగి ఒకసారి వాసన చూసి, అందరికీ వినపడేటట్టు అన్నది:

"నేనింకా బల్లకాడికే పోలే బిడ్డా. నాకన్న ముందు ఈ కుర్చీ తాగిందేంది?"

కోళ్ళు అరిచాయి. ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. నేను రొట్టె పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ పళ్ళెం నా చేతుల్లో ఎంత బరువెక్కిందో నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇది దేవుని హెచ్చరిక అని ఆ క్షణమే నిశ్చయించుకున్నాను. ఈ వ్యాపారంలో ఉండకూడదు. ఆ మాటలో నాకు అబద్ధం లేదు. నిజంగానే నిద్ర పట్టలేదు, నిజంగానే మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను. పెద్దరికం, ఫామ్‌హౌస్ శనివారాలు రెండూ ఒకే భుజం మీద మోస్తే ఆ దేవుని ఎదుట ఏ ముఖంతో నిలబడాలి అని ఏడ్చాను కూడా. వ్యాపారం నష్టాల్లో ఉంటే ఈ నిర్ణయం ఎంత సులువుగా ఉండేదో! లాభాల్లో ఉన్నదాన్ని వదులుకోవాలంటే దేవుడే గట్టిగా చెప్పాలి.

పాస్టరుగారిని అడిగాను. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించారు.

"మంచి నిర్ణయం. ప్రార్థన చేద్దాం. కానీ తొందరపడొద్దు. వచ్చే నెల మూడు రోజులు ఉజ్జీవ కూటాలున్నాయి కదా, ఆ తర్వాత బయటికి వస్తే..."

రాత్రిళ్ళు ఆరుబయట జరిగే ఆ ఉజ్జీవ కూటాలకు కుర్చీలు, టెంట్లు, మైకు అన్నీ మావే. కిరాయి లేదు. ఆయన మనసులో దేవుడు ఒకవైపు, టెంట్ ఒకవైపు ఉన్నట్టు నాకు తోచింది. అప్పుడు ఆయన్ని తప్పుపట్టాను. ఇప్పుడు పట్టను. మంచుకు తడిసే విశ్వాసుల సంగతి ఎవరో ఒకరు చూడాలి.

కోశాధికారిని అడిగాను.

"అన్నా, నువ్వు మరీ చేస్తున్నవ్. కానా పెండ్లిల ప్రభువే నీళ్ళను ద్రాక్షరసం జేసిండు. ఆడ కుర్చీలేసినోళ్ళను ఎవరన్న తప్పు వట్టిండ్రా?"

"ఆ పెండ్లి వేరు."

"ఎట్ల వేరు? గక్కడ ప్రభువే వచ్చిండు. గిక్కడ రాలే, గంతే ఫరక్. మనం వేసేది కుర్చీ. వాళ్ళు దాని మీద కూసోని ఏం జేస్తరో కుర్చీకేం తెలుసు?"

అతనితో వాదించలేక మైకాయన దగ్గరికి పోదామని రెండుసార్లు బయల్దేరాను. రెండుసార్లూ దుకాణం దాకా పోయి, ఏదో వైరు కొనుక్కుని తిరిగొచ్చాను. మా ఇంట్లో ఇప్పటికీ ఆ వైర్లున్నాయి. ఆయనకు ఏమని చెప్పాలో తెలియలేదు. మా మతం వాడు కాదు, ఉపవాసం, నడిపింపు, హెచ్చరిక అంటే ఆయనకేం అర్థమవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. చిన్నప్పటి నుంచి నన్ను ఎరిగినవాడి ముఖం చూసి చెప్పే ధైర్యం లేదు.

భార్యను అడగలేదు. అడగాలని తోచనే లేదు.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. ఒకామెకు మోకాళ్ళ నొప్పులు తగ్గాయి, ఒకాయన కొడుక్కు వీసా వచ్చింది. నేను లేచాను. లేవాలని ఇంట్లో అనుకోలేదు. మైకు ముందుకు వెళ్ళి, దేవుడు నాతో మాట్లాడాడని, ఈ రోజు నుంచి నేను ఆ టెంట్ హౌస్‌లో లేనని చెప్పాను. మీలో సంఘాల్లో పెరిగినవాళ్ళకు తెలిసే ఉంటుంది, సాక్ష్యంలో కొన్ని మాటలు వాటంతటవే నోట్లోకి వస్తాయి, చిన్నప్పటి నుంచి విన్నవి. అట్లా నా నోటి నుంచి, "పాపుల సాంగత్యం నుంచి ప్రభువు నన్ను విడిపించాడు" అని వచ్చింది.

సంఘమంతా ఆమెన్ అన్నది. ఆమెన్ అన్నాక వెనక్కి తీసుకునే పద్ధతి మా సంఘంలో లేదు.

ఆ రోజు నా గొంతు నాకే కొత్తగా, స్పష్టంగా వినిపించింది. ఆత్మ బలమనుకున్నాను. మందిరం కప్పు మీద హారన్ బస్టాండు వైపు తిరిగి ఉంటుంది. ఆ ఆదివారం చేవెళ్లలో బస్సు కోసం నిలబడినవాళ్ళందరికీ నా విడుదల గురించి తెలిసింది. అరుగు మీద ఆంప్లిఫయర్ పక్కన కూర్చున్న మనిషి సంగతి నాకు బయటికొచ్చి చెప్పులేసుకునేటప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి ఆయన వైర్లు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం పదింటికి దవాఖానకు వచ్చాడు. నేను ఒక బర్రెకు సూది వేస్తున్నాను. బర్రె యజమాని ముక్కుతాడు పట్టుకున్నాడు. మైకాయన వచ్చి ఇంకో పక్క కొమ్ము పట్టుకున్నాడు. అట్లా పట్టుకునే అడిగాడు.

"దేవుడు నీకు చెప్పిండు. నువ్వు సంఘానికి చెప్పినవ్. చేవెళ్ల బస్టాండుకు గూడ చెప్పినవ్. నాకెందుకు చెప్పలే అన్నా?"

"చెప్దామనే వచ్చిన. రెండుసార్లు."

"వైరు గొనవోయినవ్ గద. నాకెర్కే. నీకు ఆ వైరుతోటి పనిలేదని అప్పుడే అనుకున్న."

బర్రె కదిలింది. ముగ్గురం దాన్ని సర్దాం.

"నీకు అర్థం కాదనుకున్న" అన్నాను.

"మైకు నాది. అర్థం గాకపోవుడేంది? పైంగ నిన్న వాల్యూం జర పెంచిన, నువ్వేమంటున్నవో సరిగ్గ ఇందామని." బర్రె మెడ మీద వాలిన ఈగను తోలాడు. "పాపుల సాంగత్యం అంటివి. ముగ్గురంల మీ ఖజాంచి మీ సంఘపోడే. వదిన గూడ మీ సంఘమే. ఇగ మిగిలింది ఎవరు? నేనే గదనే."

బర్రె యజమాని నా ముఖం వంక చూశాడు. ఆ రోజు ఆ బర్రె తన్ని ఉంటే బాగుండునని అనుకున్నాను, దెబ్బ తగిలిన వంకతోనైనా మాట తప్పించుకునేవాణ్ణి. అది చాలా నెమ్మదస్తురాలు.

"ఊకెనే వచ్చిందా మాట" అన్నాను. "అట్లనే అంటరు సాక్ష్యంల."

"మీకు ఊకెనే వస్తదేమో. మాకు ఊకెనే పోదు" అని కొమ్ము వదిలేసి, "రేపు ఇంటికొస్త, కాయిదం రాసుకుందం" అన్నాడు.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఇద్దరు భాగస్థులూ వచ్చారు. మొయినాబాద్ నుంచి త్వరగా రావడానికి సెలవు పెట్టాను. కోశాధికారి టీపాయ్ మీద పత్రం పరిచాడు. నేను గొంతు సవరించుకుని, మన మధ్య ప్రేమ ఎప్పటిలాగే ఉండాలి, ఎవరి వాటా వాళ్ళకు చేరాలి అని ఒక చిన్న ఉపోద్ఘాతం చెప్పాను. వాళ్ళిద్దరూ వినడం లేదు. పత్రం చివర ఉన్న పేరు చూస్తున్నారు.

నా భార్య టీ తెచ్చింది. ఎప్పుడూ పళ్ళెం పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. ఆ రోజు ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వదినా, గిక్కడ ఒక సంతకం వెట్టు" అన్నాడు కోశాధికారి.

"దేనికి?"

"అన్న బయటికి పోతున్నడు గద."

"పోనీ. నేను పోతున్నా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఆ కాయిదంల ఆయన పేరు ఎక్కడున్నదో చూపెట్టు తమ్మీ" అన్నది. "లేనోడు బయటికెట్ల పోతడు?"

"పేరుకే కదా నీది రాయించింది..." అని మొదలుపెట్టాను.

"అవ్, పేరుకే ఇచ్చిన్రు. ఇంటర్ దాక చదువుకున్న, ఈ ఇంట్ల నాకు ఇచ్చిన పని అదొక్కటే. అది గూడ పేరుకే. మీరు దవాఖానకు పోయినంక ఫోన్లు ఎవరెత్తిన్రు? ఏ తారీకు ఎన్ని కుర్చీలు ఎక్కడికి పోవాల్నో ఎవరు రాసిన్రు? మన గల్లిల ఆరుగురు ఆడోళ్ళు కవర్లు ఉతుకుతున్నరు, మీ సాక్ష్యంతోని వాళ్ళ పని వాయె. వాళ్ళ మోకాళ్ళకు ఎవరు ప్రార్థన చేస్తరు?"

కోశాధికారి టీ కప్పు చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

"మరి అవ్వ చీర?" అన్నాను. నా దగ్గర మిగిలిన బలమంతా ఆ చీరలోనే ఉంది. "మందిరంలోకి వైన్ మరక వచ్చింది. అది హెచ్చరిక కాదా?"

ఆమె చెప్పాలా వద్దా అన్నట్టు చూసింది. తర్వాత చెప్పింది.

"ఫంక్షన్ నుంచి వచ్చిన కవర్లు ముందు మనింటికి రావాలె. ఉతికి, ఆరవెట్టి, ఇస్త్రీ వెట్టినంకనే ఇంకో కాడికి పోవాలె. ఇన్నేండ్ల సంది అదే పద్ధతి. ఆ పొద్దు నేను కోతల పండుగకు ఉతికిన కవర్లు మూటగట్టి వాకిట్ల వెట్టుకోని కూసున్న. మీరు బండి నేరుగ మందిరానికి తోలిన్రు. ఇంటికొచ్చి పోతె ఆలస్యమైతదని. హెచ్చరిక దేవుడు పంపలే. మీరే తెచ్చి దింపిన్రు."

నాకు ఆ మూట గుర్తొచ్చింది. ఆరాధన నుంచి ఇంటికి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర అడ్డంగా ఉంటే, దీన్ని ఇక్కడెవరు పెట్టారని విసుక్కున్నాను కూడా. మూడు శుక్రవారాలు ఉపవాసం ఉండి దేవుణ్ణి అడిగిన మనిషిని, ఆ మూట ఏమిటని భార్యను ఒక్క మాట అడగలేదు.

అయినా ఓడిపోవడం ఇష్టం లేక, "మరి మందు పార్టీల సంగతేంది? అది తప్పు కాదా?" అన్నాను.

"దవాఖానల మీరు కోళ్ళకు సూదులేస్తరు. ఆ కోళ్ళను వాళ్ళు మందుల నంజుకుంటరని సూదులు బంద్ జేసిన్రా?"

కోశాధికారి ఇక ఆగలేకపోయాడు. "వదినా, నేను కానా పెండ్లి చెప్పిన గని, గిది దానికన్న గట్టిగున్నది" అని పడీపడీ నవ్వాడు.

మైకాయన మాత్రం నవ్వలేదు. ఆయన టీ అట్లాగే ఉంది.

"అన్నా, నీకు మనసొప్పకపోతె పో. నేను ఆపను" అన్నాడు. "మీ దేవుని ముంగట నీకు ఎట్ల మంచిగనిపిస్తె అట్ల జెయ్. కాని మేము ఖరాబోళ్ళం, నువ్వొక్కనివి మంచోనివి అన్నట్టు పోకు. అంతే నేనడిగేది."

నేను ఉండాలా పోవాలా అన్నది అక్కడ తేలింది. పోవాలనే అనుకున్నాను, కానీ కారణం మారింది. అన్ని రోజులూ వాళ్ళ పక్కన ఉంటే నాకు మురికి అంటుతుందని భయపడ్డాను. ఆ నలుగురిలో దాచుకోవలసిన పేరున్నవాణ్ణి నేనొక్కణ్ణే. తాగేవాళ్ళు తాగుతున్నామని చెప్పే తాగుతున్నారు. మైకాయన తన దుకాణం మీద తన పేరే రాసుకున్నాడు. పత్రంలో ఒకరి పేరు పెట్టి, కుర్చీలు ఇంకొకరు లెక్కపెట్టుకుంటూ, ఆదివారం ముందు వరుసలో కూర్చున్నవాణ్ణి నేను. ఇతరుల పాపం ఒప్పుకోవడానికి నాకు ఉపవాసం అవసరమైంది. నా పాపం నాకు కనపడడానికి టీపాయ్ మీద ఒక కాగితం చాలింది.

ఆమె సంతకం పెట్టలేదు. ఆ పత్రం మారలేదు. మారింది ఇంటి పద్ధతి. నా సంచి మందులకే అన్నది. ఫామ్‌హౌస్‌లలో నేను టెంట్ హౌస్ మాట ఎత్తకూడదు. గోడౌన్ తాళంచెవి ఆమె నడుముకు చేరింది. పార్టీల సంగతికి కూడా ఒక దారి చూసింది. మందు ఉండే ఫంక్షన్లకు మెరూన్ కవర్లు, లేనివాటికి తెల్లవి. మెరూన్‌వి ఎప్పటికీ మందిరంలోకి రావు, తెల్లవి ఎప్పటికీ ఫామ్‌హౌస్‌లోకి పోవు. పరిశుద్ధతకూ లోకానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో నేను ముప్ఫై ఏళ్ళుగా లేఖనాల్లో వెతుకుతున్నాను. ఆమె బట్టల దుకాణంలో అరగంటలో గీసింది. ఆ పరిష్కారం వేదాంతపరంగా సరైందేనా? ఇప్పటికీ ఆ విషయం ప్రార్థనలో ఉంచాను.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో మళ్ళీ లేచాను. పోయిన వారం నేనన్న మాట తప్పని, నేను పాపుల సాంగత్యంలో లేనని, నాతో ఉన్న ఇద్దరే పాపి సాంగత్యంలో ఉన్నారని చెప్పాను. ప్రభుత్వానికి తెలియకుండా భార్య పేరు వెనక వ్యాపారం చేశానని చెప్పాను. ఈసారి ఆమెన్ రాలేదు. రోగాలు తగ్గిన సాక్ష్యానికి, వీసా వచ్చిన సాక్ష్యానికి అలవాటుపడిన సంఘం అది. బయటికి వచ్చేసరికి మైకాయన వైర్లు చుడుతున్నాడు.

"ఇయ్యాల వాల్యూం పెంచలే. ఇంటిది ఇంట్లనే ఉండనీ" అన్నాడు.

అంతే. కానీ ఆ మాట తర్వాత నేను కూడా వైరు ఒక కొన పట్టుకుని చుట్టాను.

పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచారు. "సాక్ష్యం గొప్పదే. కానీ ఇక మీద ముందుగా నాకు చెప్పి లేవండి" అన్నారు. ఇంకో పెద్దాయన, "నీ ఆఫీసుకు ఎవరన్న ఉత్తరం రాస్తె ఎట్ల?" అని భయపెట్టాడు. అది నిజమే. ఆఫీసు వాళ్ళకు నా పాపక్షమాపణతో పని లేదు, రూల్సుతో పని. సర్వీసు ఇంకా కొన్నేళ్ళుంది. రాత్రంతా కూర్చుని రాసి చింపి, చివరికి నేనే ఉన్నది ఉన్నట్టు రాసి, పై అధికారి చేతికి ఇవ్వడానికి తీసుకెళ్ళాను. ఆయన హైదరాబాద్ మనిషి. నిబంధనల పుస్తకం తలకింద పెట్టుకుని పడుకుంటాడని మా శాఖలో చెప్పుకునేవాళ్ళు.

ఆయన రెండు పేజీలూ చదివాడు. కళ్ళద్దాలు తీశాడు.

"ఇప్పుడు ఈ వ్యాపారం ఎవరు చేస్తున్నారు?"

"మా ఆవిడ సార్."

"నిజంగా ఆవిడే చేస్తున్నారా?"

"నిజంగా ఆమెనే సార్. నన్ను గోడౌన్ దగ్గరికి కూడా రానియ్యదు."

"మరి ముందు?"

"ముందు నేను చేసేవాణ్ణి. అందులో రాశాను."

ఆయన చాలాసేపు మాట్లాడాడు. ప్రభుత్వోద్యోగి నడవడిక గురించి, ప్రజల నమ్మకం గురించి, చిన్న తప్పులు పెద్ద తప్పులకు ఎలా దారితీస్తాయో చెప్పాడు. మా పాస్టరుగారి కంటే బాగా చెప్పాడు. నేను తల వంచుకుని విన్నాను. నా ఫైల్లో హెచ్చరిక నమోదు చేస్తానని, కుటుంబ సభ్యుల వ్యాపారం ఫారంలో తెలియజేయాలని చెప్పి, నా కాగితం మీద సంతకం పెట్టాడు. లేచి నిలబడ్డాను. తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి పిలిచాడు.

"ఏమయ్యా, వచ్చే నెల మొయినాబాద్ దగ్గర మా ఫ్రెండ్ ఫామ్‌హౌస్‌లో చిన్న గెట్‌టుగెదర్ ఉంది. ఒక రెండొందల కుర్చీలు కావాలి. ఉంటాయా?"

నోటి దాకా వచ్చింది. ఉంటాయి సార్, మీకు కాకపోతే ఎవరికి సార్, నేనే దగ్గరుండి దింపిస్తాను సార్. ఇన్నేళ్ళ అలవాటు. అప్పుడే నా ఫైలు మీద సంతకం పెట్టిన మనిషి. ఆ మాట మింగడానికి నాకు మూడు శుక్రవారాల ఉపవాసం కంటే ఎక్కువ బలం పట్టింది.

"నాకు తెల్వదు సార్" అన్నాను. "ఆమె నంబరిస్తాను, మీరే అడగండి."

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. లోపల ఆయన ఫోన్లో మాట్లాడడం వినిపిస్తోంది. ముందు దర్జాగా, తర్వాత మెల్లగా. కాసేపటికి ప్యూన్ వచ్చి, సార్ మళ్ళీ రమ్మంటున్నారన్నాడు.

అధికారి ఫోను టేబుల్ మీద పెట్టి దాని వైపే చూస్తున్నాడు.

"మీ ఆవిడ మొట్టమొదట ఏమడిగిందో తెలుసా? 'మందు ఉంటదా, ఉండదా సార్' అని అడిగింది. నన్ను!"

"అందర్నీ అడుగుతది సార్. మీరేమన్నారు?"

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. నిబంధనల గురించి అప్పటిదాకా మాట్లాడిన గొంతు చాలా తగ్గింది.

"మెరూన్‌వే పంపమన్నాను" అన్నాడు.